పొగగొట్టం కింద పొత్తిగుడ్డలు

డబ్లిన్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లకు గ్యాస్ బాయిలర్ సర్వీసుకు వెళ్లడమంటే నాకు సగం సరదా, సగం ఒళ్లుమంట. ఐరిష్ వాళ్లయితే తలుపు తీసి, బాయిలర్ ఎక్కడుందో చూపించి, టీ తాగుతావా అని అడిగి వాళ్ల పనిలో వాళ్లు పడిపోతారు. మనవాళ్లు నేను వస్తున్నానని ముందురోజే వంటిల్లు కడిగిపెడతారు. బాయిలర్ ఉండే అలమరను ఇక్కడ ప్రెస్ అంటారు. అందులోంచి పప్పుల డబ్బాలన్నీ తీసి సరిగ్గా నేను నిలబడాల్సిన చోటే పేరుస్తారు. ఆ తరవాత నా వెనకాల చేరి, నేను ఏ మర ఎటు తిప్పుతున్నానో చూస్తూ నిలబడతారు. మూడో మర విప్పేసరికి ప్రశ్న రానే వస్తుంది.

"మీరేం చదువుకున్నారండీ?"

కాకినాడ పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. ఆ మాట చెప్పగానే వాళ్ల మొహాల్లో జాలి కనిపిస్తుంది, చదువుకుని కూడా ఈ పనా అని. నాకసలే ముక్కుమీద కోపం. "రేపు పొద్దున మీ ఇంట్లో వేడినీళ్లు రావాలంటే మీ సాఫ్ట్‌వేర్ చాలదండీ, నేనే రావాలి" అని ఒకసారి ఒకాయన మొహం మీదే అనేశాను. ఆయన నొచ్చుకోలేదు సరికదా, మరో నలుగురు స్నేహితులకు నా నంబరిచ్చాడు. మనవాళ్లతో ఇదొక సుఖం. వాళ్లను ఎంత దులిపేసినా మళ్లీ ఏడాది సర్వీసుకు నన్నే పిలుస్తారు.

ఈ పనిలోకి నేను కావాలని రాలేదు. భర్త ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి, ఏడాదిన్నర ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాక, ఒక చలికాలం మా అద్దె ఇంట్లో బాయిలర్ పాడైంది. బాగుచెయ్యడానికి ఒక ముసలి ఐరిష్ మెకానిక్ వచ్చాడు. నేనూ అందరిలాగే ఆయన వెనకాల నిలబడి మరకొక ప్రశ్న చొప్పున వేశాను. కాసేపటికి ఆయన విసుగెత్తి తన టార్చిలైటు నా చేతిలో పెట్టి, "అంత ఇష్టమైతే ఇది పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. నాలుగేళ్లు ఆయన దగ్గర పనిచేసి, పరీక్షలు రాసి, లైసెన్సు తెచ్చుకున్నాను. ఇప్పుడాయన పని మానేసి ట్రాలీ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నాడు. అన్నీ సరిగ్గా ఉంటే "గ్రాండ్" అనేవాడు, లేకపోతే ఏమీ అనకుండా పెన్ను తీసేవాడు. నువ్వు చూసిందంతా కాగితం మీద రాసి ఇంటివాళ్ల చేతికిచ్చాకే గడప దాటాలి అనేది ఆయన నాకు పెట్టిన ఒకే ఒక్క నియమం. ఆ నియమం నన్ను బాగా ఇరుకున పెట్టిన రోజు గురించి చెబుతాను.

రెండేళ్ల కిందట, నవంబరు నెల. క్లాండాల్కిన్‌లో ఉండే ఒక తెలంగాణ కుర్రాడు ఏడాది సర్వీసుకు రమ్మని ముందే చెప్పి పెట్టుకున్నాడు. భార్యకు నెలలు నిండుతున్నాయి, పాపాయి పుట్టకముందే బాయిలర్ చూపించుకోవాలని అతని జాగ్రత్త. పాపాయి మాత్రం డాక్టర్లు చెప్పిన తేదీ దాకా ఆగలేదు. నేను వెళ్లాల్సిన రోజు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

"అక్కా, మొన్న పాప పుట్టింది. ఇద్దరూ మంచిగున్నరు. మధ్యాహ్నం మూడింటికల్లా ఇంటికి తీస్కొస్తున్నం. కానీ అక్కా, హీటింగ్ నిన్న సాయంత్రం నుంచి బంద్ అయిందట. ఇంట్ల అమ్మ ఒక్కతే ఉంది. సర్వీస్ సంగతి తర్వాత, ఎట్లన్నజేసి ఇల్లు వెచ్చగ జెయ్యి."

పదిన్నరకు వాళ్లింటి ముందు వ్యాన్ ఆపాను. సన్నటి వాన, దానికి తోడు గాలి. తలుపు తీసినావిడకు అరవై దాటి ఉంటాయి. చీర మీద రెండు స్వెట్టర్లు, తలకు మంకీ క్యాపు, కాళ్లకు కొడుకు సాక్సులు. నా చేతిలో పనిముట్ల పెట్టె, మొహం చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూసింది.

"ఎవలు గావాలె బిడ్డా?"

"బాయిలర్ సర్వీసుకు వచ్చానండీ. మీ అబ్బాయి రమ్మన్నారు."

"గ్యాస్ పిలగాడు వస్తడని జెప్పిండు మావోడు. నువ్వు ఆడపిల్లవు గదా!"

"పిల్లాడు రాడండీ, నేనే వస్తాను. పెద్దమ్మగారూ, లోపలికి రానిస్తే వానలో తడవకుండా మాట్లాడుకుందాం."

ఆ మాటకు ఆవిడ పకపకా నవ్వి, నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. వంటింట్లోకి వెళ్లేలోపే నాది గోదావరి జిల్లా అనీ, ఇద్దరు పిల్లలనీ, మా ఆయనకు షుగరు లేదనీ రాబట్టేసింది. తన సంగతులూ దాచుకోలేదు. తొలికాన్పు పిల్ల తల్లిగారింటి వంతు, కానీ వియ్యపురాలికి మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని మూడు నెలల వీసా మీద తనొచ్చింది. ఇదంతా ఆవిడ గొప్పగా చెబుతూనే, ఫ్రిజ్ మీద అంటించిన ఒక కాగితం వైపు దొంగచూపులు చూస్తోంది. అది కోడలు ఇంగ్లీషులో రాసిపెట్టిన జాబితా.

"అన్నీ కొడుకు చదివి చెప్పిండు, నాకు నోటికొచ్చు. చేతులు కడుక్కోకుండ పిల్లను ముట్టొద్దు. కాటుక పెట్టొద్దు. ముక్కుల నూనె పొయ్యొద్దు. సాంబ్రాణి ఎయ్యొద్దు. పిల్ల మూతి మీద ముద్దు వెట్టొద్దు." వేళ్లు మడుస్తూ చెప్పి, చివర్న గొంతు తగ్గించింది. "కోడలు మంచిదే బిడ్డా. గని భయం ఎక్కువ. పిల్లను సూసెటందుకు ఒక ఐరిష్ ఆమెను మాట్లాడి పెట్టింది. కోడలు ఓ వారం నన్ను సూస్తదట. నేను సక్కగ జేస్తె గామెను వద్దంటరట, లేకుంటె పిల్ల ఆమె చేతులకే పోతది. నేను గింత దూరం వచ్చి, కుర్చీల గూసోని నా మనవరాలిని పరాయామె ఎత్తుకుంటె సూడాల్నా?"

బాయిలర్ ఎక్కడుందని అడిగాను. చలికి నా వేళ్లు అప్పటికే కొంకర్లు పోతున్నాయి. ఇంట్లో కంటే నా వ్యాన్‌లోనే వెచ్చగా ఉంది.

అలమర తలుపు తెరిచి చూస్తే బాయిలర్‌కు నాలుగైదేళ్లుంటాయి, మంచి మనిషి వాడుతున్నట్టు శుభ్రంగా ఉంది. దాని చిన్న తెర మీద మంట నిలవడం లేదని చెప్పే అంకె వెలుగుతోంది. ముందు గుమ్మం పక్కన మీటరు పెట్టె దగ్గరికెళ్లి గ్యాసు చూశాను, వస్తోంది. ఒత్తిడి కొలిచాను, ఉండాల్సినంత ఉంది. వెనక్కొచ్చి రీసెట్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, మంట అంటుకుంది, కాసేపు ఆయాసపడి ఆరిపోయింది. రెండోసారి నొక్కబోయి ఆగాను. గ్యాసు ఉండీ మంట ఊపిరాడక ఆరిపోతోందంటే తప్పు లోపల కాకుండా బయటుండొచ్చు. పొగగొట్టం గోడకు అవతల, పెరట్లో ఉంది. వెనక తలుపు తీసుకుని బయటికెళ్లాను.

అక్కడ కనిపించినదాన్ని చూసి నోరు తెరుచుకుని ఉండిపోయాను.

వంటింటి కిటికీ పక్కన, గోడలోంచి జానెడు పొడుచుకొచ్చిన పొగగొట్టం మీద ఒక డేరా వేసి ఉంది. ఉయ్యాలమంచం పరుపు కొన్నప్పుడు వచ్చిన పెద్ద ప్లాస్టిక్ కవరు అది. ఒక కొస వాననీటి గొట్టానికి, ఇంకో కొస కంచె మేకుకు, మూడోది ప్లాస్టిక్ కుర్చీ వీపుకు, అన్నీ చీర అంచు చింపిన పీలికలతో కట్టి ఉన్నాయి. ఆ ముడులు ఎంత గట్టిగా ఉన్నాయంటే రాత్రంతా వీచిన గాలికి ఒక్కటీ జారలేదు. డేరా లోపల, పొగగొట్టం మూతికి ఎదురుగా, అడ్డంగా కట్టిన తాడు మీద తెల్లటి గుడ్డముక్కలు వరసగా వేలాడుతున్నాయి. ఇరవై దాకా ఉంటాయి. రెండు గాలికి ఎగిరి గొట్టం మూతికే అతుక్కుపోయాయి.

"పెద్దమ్మగారూ," అన్నాను, "ఎవరు కట్టారండీ దీన్ని?"

"నేనే!" అంది ఆవిడ గుమ్మంలోంచి, మెచ్చుకుంటానేమోనన్న ఆశతో. "అవి పొత్తిగుడ్డలు బిడ్డా. పుట్టిన పిల్లకు కొత్త బట్టలు ఎయ్యరు గదా. మా ఆయన ధోతులు ఉతికి, చింపి, అంచులు కుట్టి తెచ్చిన. ఆయన పొయ్యి నాలుగేండ్లాయె. పిల్లను ఎత్తుకునే నసీబు ఆయనకు లేదాయె, ఆయన గుడ్డన్న పిల్లను పట్టుకుంటది."

ఈ ముక్క వినేసరికి నాలో తిట్టడానికి సిద్ధంగా ఉన్న మనిషి కాస్త వెనక్కి తగ్గింది. "మరి ఇంట్లో డ్రయర్ ఉంది కదండీ?"

"అందరి సాక్సులు, డ్రాయర్లు తిరిగే దాంట్ల పసిగుడ్డ బట్టలా? ఇంట్ల ఆరేస్తె పోపు వాసన వడ్తది. ఈడ సూస్తె ఎండ లేకపాయె. గీ గొట్టం దగ్గర చెయ్యి వెడ్తె వెచ్చగ గాలొస్తున్నది, ఉత్తగ పోతున్నది గదా అనుకున్న. వానకు తడువద్దని కవర్ కప్పిన. గని ఏందో బిడ్డా, మూడొద్దులాయె, ఆర్తలేవు."

నాకు నవ్వాగలేదు. ఎంతమంది ఇళ్లు చూశాను, ఎంతమంది తెలివితేటలు చూశాను, పొగగొట్టం మీద బట్టలారేసిన మనిషిని మాత్రం చూడలేదు. వానలో నిలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. ఎందుకో తెలియకపోయినా ఆవిడా నాతో కలిసి నవ్వింది.

"ఇందులోంచి వచ్చేది ఎండలాంటి వేడి కాదు పెద్దమ్మా, ఆవిరి. అన్నం గిన్నె మీద మూత తీస్తే వస్తుందే, అలాంటిది. దాని ముందు ఆరేస్తే ముప్పై రోజులైనా ఆరవు."

"అయ్యో నా పాడుగాను!" అని నుదురు కొట్టుకుంది.

పక్కనే ఉన్న వంటింటి కిటికీ తెరిచి ఉండటం అప్పుడు చూశాను. డేరా అంచు సరిగ్గా ఆ కిటికీ దాకా వచ్చింది. నా నవ్వు ఆగిపోయింది. లోపలికి పరుగెత్తి వంటింటి గోడ చూశాను. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాల్సిన చోట ఖాళీ మేకు మాత్రమే ఉంది.

"ఇక్కడ తెల్లగా, అరచెయ్యంత డబ్బా ఉండాలి. ఏదండీ?"

ఆవిడ కొంచెం సిగ్గుపడుతూ బియ్యం డబ్బా మూత తీసింది. బియ్యంలోంచి ఒక తువ్వాలు మూట పైకి తీసింది. మూట విప్పితే అందులో అలారం ఉంది. "నిన్న పొద్దటి సంది మొత్తుకుంటుండె బిడ్డా. ఒత్తితె ఆగలె. గింత మోతకు పసిపిల్ల దడుసుకుంటదని తువ్వాల జుట్టి బియ్యంల పెట్టిన. సాయంత్రానికి నోరు మూసుకున్నది."

అది నోరు మూసుకున్నది తువ్వాలు వల్ల కాదు. బాయిలర్ తనంతట తను ఆగిపోవడం వల్ల. ఆ యంత్రానికున్న బుద్ధి వల్ల ఆవిడ బతికింది. నాకు కోపం తలకెక్కింది. కిటికీలన్నీ బార్లా తెరుస్తూ గట్టిగా అరిచేశాను. "తల తిరుగుతోందా? నొప్పిగా ఉందా? వాంతి వచ్చేలా ఉందా?"

"ఏం లేదు. ఆకలైతున్నది. నీకోసమని తినలె," అంది ఆవిడ బిక్కమొహం వేసుకుని.

అయినా నేను ఊరుకోలేదు. ఇక్కడ జీపీ అనే ఫ్యామిలీ డాక్టర్ దగ్గర నర్సుకు ఫోన్ చేసి, లక్షణాలన్నీ ఆవిడను ఒక్కొక్కటీ అడిగి చెప్పాను. ఆవిడ ఊపిరి పీల్చుకుంటున్న తీరు, మాట్లాడుతున్న తీరు విని, ఇబ్బంది ఉన్నట్టు లేదు, ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే తీసుకురండి అంది నర్సు. అప్పుడు పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేనూ కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పాను. గొట్టం లోపల ఇంకో గొట్టం ఉంటుంది. ఒకదాంట్లోంచి పొగ బయటికొస్తే ఇంకోదాంట్లోంచి మంచి గాలి లోపలికెళుతుంది. డేరా వేసేసరికి బాయిలర్ వదిలిన పొగనే తిరిగి పీల్చుకుంది, మిగతాది కిటికీలోంచి ఇంట్లోకొచ్చింది. ఆ పొగలో రంగూ వాసనా లేని విషం ఉంటుంది. దాన్ని మనం కనిపెట్టలేం కాబట్టే ఆ డబ్బా అరుస్తుంది.

ఆవిడ మెల్లగా అన్నీ కలిపి చూసుకుంది. "పిల్ల ఇంట్ల ఉన్నప్పుడు గిట్లయితే?"

ఆవిడ మంకీ క్యాపు తీసి ఒళ్లో పెట్టుకుంది. తరవాత నా పెట్టెలోంచి పైకి కనిపిస్తున్న కాగితాల పుస్తకం వైపు చూసింది. చదువు రాని మనిషికి కూడా కాగితం అంటే ఏమిటో బాగా తెలుస్తుంది.

"ఇది అండ్ల రాస్తవా?"

"రాయాలి పెద్దమ్మా."

"రాయకు బిడ్డా. నీకు దండం పెడ్త. మల్ల జెయ్య. ఇది సూస్తె కోడలు పిల్లను నా చేతుల పెట్టది."

నిజం చెప్పాలంటే, రాయకూడదనే నాకూ అనిపించింది. డేరా పీకేస్తే పని అయిపోతుంది. ఏదో ఆకు అడ్డం పడిందని రాసి పడేయొచ్చు. కానీ ఆ తువ్వాలు మూట నా కళ్ల ముందే ఉంది. ఇంట్లో అలారం అరిస్తే ఏం చెయ్యాలో ఈ ముగ్గురికీ తెలియాలి. ముద్దొచ్చే ముసలమ్మ కదా అని నేను అబద్ధం రాస్తే, అవతల రెండు రోజుల పిల్ల ఉంది.

"రాస్తాను," అన్నాను. అంత కటువుగా అనాలనుకోలేదు, అలా వచ్చేసింది.

ఆవిడ లేచి పొయ్యి దగ్గరికెళ్లింది. పది నిమిషాల్లో నా పక్కన వేడివేడి ఉప్మా పళ్లెం, చాయ్ కప్పు ప్రత్యక్షమయ్యాయి. కోపమొచ్చినా తిండి పెట్టడం మాత్రం మానలేదు. ఉప్మాలో పచ్చిమిరపకాయలు దండిగా ఉన్నాయి, అవి అలవాటుకొద్దీ వేసిందో నా మీద కసికొద్దీ వేసిందో ఇప్పటికీ నాకు తెలియదు. కళ్లు తుడుచుకుంటూ మొత్తం తిన్నాను.

తరవాత పని మొదలుపెట్టాను. డేరా విప్పడానికి కత్తి తియ్యాల్సొచ్చింది. గొట్టం మూతికి అతుక్కున్న గుడ్డలు తీశాను. బాయిలర్ ముందు రేకు విప్పి, బర్నర్ తీసి బ్రష్‌తో దులిపాను. ఆవిరి నీరై దిగే గిన్నె కడిగాను, సీళ్లు చూశాను. ఇదంతా మామూలు సర్వీసులో ఉండేదే, ఆ రోజు మాత్రం ఒక్కో పనీ రెండేసి సార్లు చేశాను. పెద్దమ్మ నా వెనకాల వచ్చి నిలబడలేదు. పొత్తిగుడ్డలన్నీ మళ్లీ సబ్బుతో ఉతికి, బకెట్‌తో డ్రయర్ ముందు నిలబడి ఉంది. నేను వెళ్లి డ్రయర్ లోపలంతా తడిగుడ్డతో తుడిచి చూపించాను. ఆవిడ తల లోపలికి పెట్టి వాసన చూసి, గుడ్డలు ఒక్కొక్కటిగా వేసింది.

పన్నెండు దాటాక బాయిలర్ ఆన్ చేశాను. మంట నీలంగా, నిబ్బరంగా నిలబడింది. పొగను కొలిచే మీటరు గొట్టంలో పెట్టి, అంకెలు కుదురుకునే దాకా కదలకుండా కూర్చున్నాను. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. "గ్రాండ్," అన్నాను పైకే, వినే ముసలాయన ట్రాలీలో ఉన్నా. అలారం పరీక్షించి మేకుకు తగిలించాను. మేడ మీదికెళ్లి, గదులు వెచ్చబడేలా వేడినీళ్లు తిరిగే రేడియేటర్లలో చిక్కిన గాలి వదిలాను. ఉయ్యాలమంచం ఉన్న గదిలో రేడియేటర్ కింద మాత్రమే వేడెక్కి పైన చల్లగా ఉంది. దాని మరను తాళంచెవితో తిప్పి, గాలి బుసబుసమని పోయి నీటిచుక్క వచ్చే దాకా కూర్చున్నాను. రెండు గంటలకు ఇల్లంతా వెచ్చబడింది. పెద్దమ్మ ఒక స్వెట్టర్ తీసేసింది.

బల్ల దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. సర్వీసు కాగితం ఒకటి, ప్రమాదం గురించి ఇంకోటి. రెండోది రాశాక ఆవిడను పిలిచి, ప్రతి మాటా తెలుగులో చదివి వినిపించాను. తన గురించి రాసింది తను వినకుండా ఉండకూడదని నాకనిపించింది. పొగగొట్టం మీద ఇంట్లోవాళ్లు ప్లాస్టిక్ కవరు కట్టారు. అలారం మోగితే ఇంట్లోవాళ్లు దాన్ని తీసి తువ్వాలు చుట్టారు. ఇంట్లోవాళ్లకు జాగ్రత్తలు వివరంగా చెప్పాలి.

ఆవిడ శ్రద్ధగా వింది. "ఇంట్లోవాళ్లు అంటె?"

"అంటే ఈ ఇంట్లో ఉండేవాళ్లు. మీరని రాయలేదు పెద్దమ్మా, అలా కాస్త..."

"అట్ల రాస్తె నా కోడలు మీదికి వోతది గదా! బాలింత అది. ఏ పాపం ఎరుగది. కొట్టెయ్." నా పెన్ను మీద వేలు పెట్టింది. "అత్త జేసింది అని రాయి. ఊరికెల్లి వచ్చినామె, తెల్వక జేసింది అని రాయి."

నేను గీత కొట్టి, అలాగే రాశాను. మూడు గంటల కిందట రాయొద్దని దండం పెట్టిన మనిషి ఈవిడేనా అనుకున్నాను. ఆవిడంటే నాకు ఎంత గౌరవం కలిగిందో ఆ కాగితంలో రాయడానికి చోటు లేదు.

మూడుంబావుకు కారొచ్చింది. కొడుకు తలుపు తీసి పట్టుకున్నాడు. కోడలు పాపను పొదివి పట్టుకుని, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ లోపలికొచ్చింది. కళ్ల కింద నల్లటి చారలు, నిద్రలేని మొహం. గదిలో వెచ్చదనం తగలగానే ఆమె భుజాలు కిందికి దిగాయి.

పెద్దమ్మ ఎదురెళ్లలేదు. గోడకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నేను కాగితం తీసి ఎలా మొదలుపెట్టాలా అని చూస్తున్నాను. ఈలోగా ఆవిడే మొదలుపెట్టింది.

"బిడ్డా, ముందుగాల నేనొకటి చెప్త, ఇను. హీటర్ దానంతటది ఖరాబు గాలె. నేనే జేసిన."

మొత్తం చెప్పింది. కవరు, కుర్చీ, కిటికీ, తువ్వాలు, బియ్యం డబ్బా, ఒక్కటీ వదలలేదు. కొడుకు మొహం తెల్లబోయింది. "అమ్మా! ఏం జేసినవమ్మా? సచ్చిపోతుంటివి గదనే!" అని అరిచి, సోఫా అంచున కూలబడ్డాడు. కోడలు నా చేతిలో కాగితం చూసి, ఒక చేత్తో అందుకుని, నిలబడే చదివింది. పెద్దమ్మ మాత్రం కోడలి పెదాల కేసి చూస్తోంది. నేను కూడా అటే చూస్తున్నాను. నా పెట్టె సర్దేసి చాలాసేపైంది, నాకు అక్కడ ఇంక పనేమీ లేదు.

కోడలు కాగితం మడిచింది. "అత్తమ్మా, అలారం మళ్లీ మోగితే ఏం చేస్తరు?"

పెద్దమ్మ బడిలో పాఠం అప్పజెప్పే పిల్లలా నిటారుగా అయింది. "పిల్లను ఎత్తుకుంట. బయటికి పోత. తలుపు తెరిచే పెడ్త. బయట నిలవడి మీకు ఫోన్ జేస్త. మల్ల లోపలికి రాను."

"చలి ఉంటే? వాన పడుతుంటే?"

"పడని. కొంగు కప్పుకొని వానల్నే ఉంట."

"చీర మార్చుకోవాలనిపిస్తే? పొయ్యి మీద పాలుంటే?"

"పొంగి పోని బిడ్డా. పిల్లనే ముందు."

కోడలు ఆవిడ కేసి చూసింది. ఆ చూపులో కోపం పూర్తిగా పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు. ఆమె మెల్లగా సోఫాలో కూర్చుని, నొప్పికి ఒకసారి పళ్లు బిగించింది.

"అయితే చేతులు కడుక్కొని రండి," అంది.

పెద్దమ్మకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్క ఉరుకున వంటింటి కుళాయి దగ్గరికి వెళ్లింది. మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుని, తుడుచుకుంటే మళ్లీ మురికవుతాయని కాబోలు, తడి చేతులు పైకెత్తి పట్టుకునే వచ్చింది. కొడుకు తువ్వాలు తెచ్చి వాటిని తుడిచాడు. ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, రెండు చేతులూ చాచింది.

కోడలు ముందుకు వంగి పాపను ఆ చేతుల్లో పెట్టింది. ఎవరైనా పసిపిల్లను ఇచ్చేటప్పుడు కాసేపు తమ చెయ్యి కూడా కిందే ఉంచుతారు, జారుతుందేమోనని. ఆమె ఉంచలేదు. పెట్టిన వెంటనే తన చేతులు తీసేసుకుని, సోఫాకు జారగిలబడి కళ్లు మూసుకుంది.